జవాబిచ్చిన హారన్

ఈ సంగతి ఇంతవరకూ బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. ఆ రోజు ఘాట్ ఎక్కుతున్నప్పుడు నేను మొదట అనుమానించింది మహేశ్‌ని.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అలాంటి కథలు ఇష్టంగా చదువుతాను, చదివాక లైటార్పి హాయిగా నిద్రపోతాను. అందుకే ఇది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది కిరందుల్. నాన్న ఇక్కడి ఇనుప గనుల్లో పనిచేస్తారు. వానలు తగ్గాక ఒక ఆదివారం అన్నయ్య, అతని స్నేహితులు సూరి, మహేశ్ మూడు బళ్ళ మీద చిత్రకోట్ జలపాతానికి బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. అన్నయ్య వెనక సీటు మీద పనిముట్లు, పులిహోర డబ్బాలు కట్టడంతో నేను సూరన్న బండెక్కాను. ఆయన సొంతూరు కుంట వైపు, ఇప్పుడుండేది మా ఊళ్ళోనే. నాలాగే మాట తక్కువ.

ఘాట్ రోడ్ల మీద వీళ్ళకో పద్ధతి ఉంది. ముందున్న బండి ప్రతి మలుపులో ఒక పొడుగు హారన్ కొడుతుంది. ఆఖరి బండి రెండు పొట్టి హారన్లతో జవాబిస్తుంది. జవాబు వచ్చిందంటే అందరూ వస్తున్నట్టే, ఎవరూ వెనక్కి చూడరు. ఆ రోజు ముందున్నది మా బండి, ఆఖరిది అన్నయ్యది.

బారసూరు దాటాక కొండెక్కాం. మధ్యాహ్నమే అయినా రోడ్డంతా చెట్ల నీడ. సూరన్న కొడుతున్నాడు, వెనక నుంచి జవాబు వస్తోంది. కొన్ని మలుపులయ్యాక నాకు తేడాగా అనిపించింది. వానకు తడిసినప్పటి నుంచి అన్నయ్య హారన్ బొంగురుపోయింది. ఇది మాత్రం ఖణీమంటోంది. మహేశ్ మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అతనికి అలాంటి సరదాలెక్కువ. మొహమాటం చంపుకుని సూరన్న భుజం తట్టాను.

ఆయన బండి ఆపాడు. మహేశ్ వచ్చి పక్కన ఆగాడు.

“హారన్ నువ్వు కొడుతున్నావా?” అని అడిగాను.

“నేనెందుకు కొడత? మీ అన్న కొడతాండు గదా. ఏంది, ఎండకు తల తిరిగిందా?” అని నవ్వాడు.

“ఇంజన్ బంద్ చెయ్,” అన్నాడు సూరన్న. అంతా నిశ్శబ్దమయ్యాక ఒక పొడుగు హారన్ కొట్టాడు.

రెండు పొట్టి హారన్లు వినిపించాయి. కింది నుంచి కాదు. మేమింకా ఎక్కని పై మలుపు నుంచి.

ప్రతిధ్వని అనుకుందామంటే మేం కొట్టింది ఒకటి, పొడుగుది. వచ్చినవి రెండు, పొట్టివి. మహేశ్ నవ్వు ఆగిపోయింది. పై నుంచి బండేదీ దిగలేదు. సూరన్న బండి వెనక్కి తిప్పాడు.

అన్నయ్య ఘాట్ మొదట్లోనే ఉన్నాడు. కంకర మీద జారి, లోయ అంచున బండి కింద ఇరుక్కుని ఉన్నాడు. తొడ నుంచి రక్తం కారుతోంది. అరిచి అరిచి గొంతు పోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. బ్యాటరీ వైరు తెగి వేలాడుతోంది. మహేశ్ ఆ బండి హారన్ నొక్కి చూశాడు. పలకలేదు.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని దంతెవాడ ఆస్పత్రిలో డాక్టరు అన్నారు. అన్నయ్య ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు.

ఆ కొండ మీద ఎవరో ఆకతాయి ఉన్నాడనుకుంటే, మా పద్ధతి అతనికెలా తెలుసు? వెనక నుంచి వచ్చిన జవాబు ఒక్కసారిగా ముందుకెలా వెళ్ళింది? మేం వెనక్కి తిరగకూడదని ఎవరికి అంత పట్టుదల?

మొన్న సూరన్న అన్నయ్యను చూడటానికి నడిచి వచ్చాడు. బండి అమ్మేశాడట. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర, ఎందుకమ్మావని అడిగాను. ఆయన ఇంటి లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“ఇంటికాడ హారన్ కొట్టినా జవాబొస్తాంది చెల్లె. రోజురోజుకు దగ్గర నుంచి.”