వెనక్కి తిరగని దిష్టి

మా పాప మొదటి పుట్టినరోజు సాయంత్రం. ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో అత్తమ్మ పాపకు దిష్టి తీసి, ఆ నిమ్మకాయలు, మిరపకాయలు నా చేతిలో పెట్టింది. "మూడు బాటల కాడ పారేసి రా. ఎనకకు తిరిగి చూడకు, ఎవ్వలతోని మాట్లాడకు" అంది.

పారేసి రెండడుగులు వేశానో లేదో, చెత్త వేసేవాళ్లను పట్టుకోవడానికి స్తంభానికి బిగించిన కెమెరా గట్టిగా మాట్లాడింది. "ఎర్రచీరలో ఉన్న మహిళ, మీరు వేసిన చెత్త వెంటనే తీయండి."

తీయక తప్పదు, తిరిగి చూడకూడదు. అలాగే వెనక్కి నడుస్తూ, చేత్తో తడుముతూ మిరపకాయల మీదే కూలబడ్డాను.

ఇల్లు చేరేసరికి కెమెరా తనంతట తానే నేను కూలబడ్డ ఫొటోను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. నన్నలా అందరికీ చూపించమని దానికెవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

ఫొటో చూసి అత్తమ్మ మళ్లీ నిమ్మకాయలు అందుకుంది. "కూసో బిడ్డా. కాలనీ అందరి కన్ను నీ మీదనే పడ్డది."

ఈసారి పారేయడానికి ఆమే వెళ్లింది, ముఖం నిండా కొంగు కప్పుకుని.