నీలం వైరు

ఆ వీధిలో ఆయన్ని అందరూ కరెంటు మేస్త్రి అనేవారు. ఇళ్ళ కరెంటు కాదు, కార్ల కరెంటు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే రేకుల షెడ్డు, అదే బల్ల. ఎంత పాత కారైనా సరే, బానెట్ ఎత్తి ఓ నిమిషం చెవి ఒగ్గితే జబ్బేమిటో చెప్పేసేవాడు. "నా చెయ్యి పడ్డ కారులో పొగ రాదు" అనడం ఆయనకి అలవాటు. అందులో గొప్పేమీ లేదు, నిజంగానే ఎప్పుడూ రాలేదు.

ఏడాదిన్నరగా ఆ మాట అనడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఇంట్లో ఆవిడక్కూడా తెలియదు. కళ్ళకి ఎవరో మురికి గుడ్డ అడ్డం కట్టినట్టు ఉండేది. తెల్ల వైరు పచ్చగా కనపడేది. ముదురు నీలం, వంకాయ రంగు, నలుపు మూడూ ఒకటే అయిపోయేవి. డాక్టరు దగ్గరికి పోతే కంటికి కత్తి పెడతానంటాడని ఒక భయం. రంగులు తెలియని మేస్త్రికి కారు ఎవడిస్తాడని అంతకన్నా పెద్ద భయం. అందుకే వైర్ల చుట్టలు బల్ల మీద ఎడమ నుంచి కుడికి ఒక వరసలో పెట్టుకుని, ఆ వరస గుర్తు మీద పని లాక్కొచ్చేవాడు. మోకాలు నొప్పి అని అబద్ధం చెప్పి స్కూటరు కూడా ఆవిడకి అప్పగించేశాడు.

అలాంటి రోజుల్లో నర్సమ్మ తన కారు తెచ్చింది. అది వాళ్ళ నాన్న నడిపిన కారు. ఆ నాన్నా మేస్త్రీ ఒకప్పుడు ప్రాణస్నేహితులు, అందుకే ఆమెకి ఈయన బాబాయి. కొండ మీది చిన్న ఆసుపత్రిలో పురుళ్ళు పోసే ఉద్యోగం ఆమెది. రోజూ ఆ మలుపుల దారిలోనే రాకపోకలు.

"బాబాయ్, లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయి. పొగమంచులో నా ముక్కు నాకే కనపడదు. కార్బురేటర్ చూస్తే పెట్రోలు కారుస్తోంది. అన్నీ కొత్తవి వేసెయ్యి" అంది.

నాలుగు రోజులు పట్టింది. పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించాడు. కొత్త కార్బురేటర్ ఎక్కించి గాలీ పెట్రోలూ సరిచూస్తే ఇంజను కుట్టు మిషనులా ఆడింది. హెడ్‌లైట్లకి పెద్ద బల్బులు పెట్టాడు. అంత కరెంటు పాత స్విచ్చి గుండా పోతే అది మాడిపోతుంది కనుక, మధ్యలో రిలేలు పెట్టి కొత్త వైర్లు లాగాడు. ఇంజను గోడ వెంట రెండు వైర్లు జంటగా నడిచాయి. వంకాయ రంగుది బ్యాటరీ నుంచి తిన్నగా తాళం స్విచ్చికి పోతుంది. నీలంది ఫ్యూజు దాటుకుని హెడ్‌లైట్లకి పోతుంది. ఎక్కడైనా వైరు ఒరుసుకుని ఇనుముకి తగిలితే ఫ్యూజు కాలిపోయి కారుని కాపాడుతుంది. ఆ ఫ్యూజు లేకపోతే కాలేది వైరే. ఆ వైరు పోయేదేమో కార్బురేటర్ కిందనుంచి.

నాలుగో రోజు మధ్యాహ్నం నర్సమ్మ ఆదరాబాదరాగా వచ్చింది. లైట్లు వేసి చూపిస్తే షెడ్డు గోడ పట్టపగలే మెరిసింది. "మా నాన్నుంటే మురిసిపోయేవాడు బాబాయ్" అని ఎక్కి వెళ్ళిపోయింది. చివర్లో ఒకసారి ఫ్యూజు పీకి, లైట్లు ఆరుతున్నాయో లేదో చూడడం ఆయనకి ఎప్పుడూ ఉన్న పద్ధతే. ఆమె తొందరలో అది జరగలేదు.

కాసేపటికి ఇంట్లోంచి ఆవిడ టీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"ఏవండీ, పెరట్లో తీగ తెగింది. బట్టలారేసుకోడానికి ఓ వైరు ముక్క ఇవ్వండి."

బల్ల మీద రెండో చుట్టలోంచి మిగిలిన ముక్క తీసి, "ఇదిగో, ఈ నీలంది పట్టుకుపో" అన్నాడు.

"నీలమేమిటండీ, ఇది వంకాయ రంగైతేనూ!"

టీ గ్లాసు బల్ల మీద ఒలికింది. "సరిగ్గా చూడు."

"చూసేదేముంది, నీలం చుట్ట అదిగో ఆ పక్కనుంది. నిన్న తుడుస్తూ అన్నీ కిందపెట్టి మళ్ళీ సర్దాను కదా."

మేస్త్రి రెండు ముక్కలూ వెలుతురులో పెట్టి చూశాడు. రెండూ నలుపే. ఆవిడ సర్దేశాక, నిన్న సాయంత్రమే ఆయన ఆ జంట వైర్లకి అతుకులు వేశాడు. ఏది దేనికి కలిపాడో ఇప్పుడు దేవుడికే తెలియాలి. నర్సమ్మకి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేస్తే అందలేదు. అప్పటికే కొండ ఎక్కేసిందన్నమాట.

"స్కూటరు తియ్యి" అన్నాడు.

ఆవిడ స్కూటరు తీసింది, ఆయన వెనక ఎక్కాడు. మొదటి మలుపు దగ్గర ఆయనే చెప్పేశాడు, ఆవిడ వీపు వెనకనుంచి, మొహం చూడాల్సిన పని లేకుండా.

"ఎన్నాళ్ళబట్టి?" అంది ఆవిడ.

"ఏడాదిన్నర."

"మరి మోకాలు?"

"మోకాలికేం, రాయిలా ఉంది."

"ఇంటికెళ్ళాక నీ పని చెప్తా" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని 'నీ' అనడం అదే మొదలు. ఆ మాటకి భయపడడానికి కూడా ఆయన దగ్గర భయం మిగల్లేదు. పొంతన లేని ఊహలన్నీ వస్తున్నాయి. బానెట్ సందుల్లోంచి పొగ, తలుపు తెరుచుకోక లోపలినుంచి అద్దం మీద కొడుతున్న చెయ్యి. టూల్ సంచీని పొట్టకి అదుముకుని కూర్చున్నాడు.

ఐదో మలుపు తిరిగేసరికి ఎదురుగా నల్లటి పొగ లేచింది. "ఆపు, ఆపు" అన్నాడు గాని ఆవిడ ఆపలేదు, ఇంకాస్త వేగం పెంచింది. తీరా చూస్తే రోడ్డు పనివాళ్ళు తారు కాస్తున్నారు. వాళ్ళు విచిత్రంగా చూస్తుండగా మేస్త్రి స్కూటరు మీద కూర్చునే ఏడ్చాడు.

ఆసుపత్రి చేరేసరికి కారు మెట్ల ముందే ఉంది. వెనక సీట్లో ఒక నిండు చూలాలు పళ్ళు బిగబట్టి మూలుగుతోంది, వాళ్ళత్త చెయ్యి పట్టుకుని ఉంది. నర్సమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం పెడుతోంది.

"తిప్పకమ్మా! తాళం తిప్పకు!" మేస్త్రి పరుగెత్తుకెళ్ళి కారుకి అడ్డం నిలబడ్డాడు.

"బాబాయ్, బిడ్డ అడ్డం తిరిగింది. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అంబులెన్సు వచ్చేసరికి గంట పడుతుందట. తప్పుకో."

"నేను తప్పు వైరు కలిపానేమో తల్లీ. నాకు... నాకు రంగులు కనపడవు."

ఆమె తిడుతుందనుకున్నాడు. "ఎంతసేపు?" అంది.

"పది నిమిషాలు."

"ఎనిమిది."

బానెట్ ఎత్తి ముందు లైట్లు వెయ్యమన్నాడు. ఆసుపత్రి గోడ మీద రెండు తెల్లటి గుండ్రాలు పడ్డాయి. ఫ్యూజు పెట్టె తెరిచి, హెడ్‌లైట్ల ఫ్యూజు పట్టుకుని పీకాడు.

గోడ మీది వెలుగు చెక్కుచెదరలేదు.

లైట్లు ఆర్పించి బ్యాటరీ విప్పేశాడు. కార్బురేటర్ కింద వేలు పెట్టి తడిమాడు. వైరు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కదిలే లివరుకి ఆనుకుని ఉంది. ఆ ఒక్క ప్రయాణానికే పైతొడుగు ఒరుసుకుపోయి, గోరంత మేర రాగి వేలికి తగిలింది. పైన ఒక జానెడు దూరంలో పెట్రోలు గొట్టం. సంచీలోంచి కటింగ్ ప్లేయరు తీశాడు గాని, ఆయన కళ్ళకి రెండు వైర్లూ నలుపే.

ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. "ఏది కావాలో చెప్పండి, నే చూపిస్తా."

"ఫ్యూజు నుంచి వచ్చే నీలం."

ఆవిడ రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇదీ."

"ఖాయమేనా?"

"పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నా నీలాన్ని. కొయ్యండి."

కోశాడు. ఆవిడ రంగు చెబుతుంటే ఆయన కలుపుతూ పోయాడు. ఒరుసుకున్న చోట కొత్త ముక్క అతికి, టేపు చుట్టి, లివరుకి దూరంగా కట్టాడు. వెనక సీట్లోంచి వచ్చే ప్రతి మూలుగుకీ చెయ్యి జారేది. బ్యాటరీ తగిలించి, లైట్లు వేయించి, మళ్ళీ ఫ్యూజు పీకాడు. గోడ ఒక్కసారిగా మసకబారింది. అంత అందమైన చీకటి ఆయన తన జన్మలో చూడలేదు.

అయినా కారుని వదిలిపెట్టబుద్ధి కాలేదు. ముందు సీట్లో కూర్చుని, బ్యాటరీ విప్పే స్పానరు చేతిలో బిగించుకుని, కొండ దిగేదాకా పొగ వాసన కోసం ముక్కు ఎగబీలుస్తూ, ప్రతి కుదుపుకీ మూలుగుతూ ఉన్నాడు. "బాబాయ్, వెనకావిడకన్నా నువ్వే ఎక్కువ మూలుగుతున్నావు" అంది నర్సమ్మ. ఆ నొప్పుల్లోనే వెనక సీట్లో ఆమె కిసుక్కున నవ్వింది. పెద్దాసుపత్రిలో కోత కోసి తల్లినీ పిల్లనీ దక్కించారు.

మర్నాడే నర్సమ్మ ఆయన్ని కంటి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయన్నాడు. ఒక్కో కంటికి పావుగంట పని. ఆ పావుగంటా మేస్త్రి ఇటు నర్సమ్మ చెయ్యీ, అటు ఆవిడ చెయ్యీ పట్టుకుని నలిపేశాడు. కట్టు విప్పాక మొదట కనపడింది ఆవిడ చీర. ఆ నీలం అంత నీలమని ఆయన మరిచేపోయాడు.

కానీ చూపు వచ్చాక భయం పెరిగింది. ఏడాదిన్నరలో ఆయన చెయ్యి పడ్డ కార్లు ఎన్ని? ఆవిడ పక్కన కూర్చుని కాగితం మీద రాసింది. పదకొండు లెక్క తేలాయి. ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పి, కారు తెమ్మన్నాడు. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టి, కారు వేరే షెడ్డుకి తీసుకుపోయి విప్పి చూపించుకున్నాడు. మిగతావి తెచ్చారు. ఫ్యూజు పీకుతూ ఒక్కొక్కటీ చూశాడు. మూడింట్లో తప్పు దొరికింది. దొరికినప్పుడల్లా ఆ రోజు అన్నం సయించేది కాదు.

పదకొండో కారు మాత్రం దొరకలేదు. మెరూన్ రంగు పాత కారు. దాన్ని అమ్మేశామన్నారు, కొన్నవాళ్ళు మరొకరికి అమ్మారట, ఆ పైన ఆచూకీ లేదు. ఇప్పటికీ రోడ్డు మీద అలాంటిది కనపడితే ఆయన చేస్తున్న పని వదిలేసి పరుగెడతాడు. సిగ్నలు దగ్గర అద్దం మీద తట్టి, "అయ్యా, ఒక్కసారి బానెట్ ఎత్తుతారా?" అని అడుగుతాడు.