చెరువు పలకని ఆదివారం

ఏలూరులో మేడమీది ఒంటిగదిలో కూర్చుని కొల్లేటి చేపల చెరువులు చూసుకునే ఉద్యోగం నాది. చూడటమంటే కంప్యూటర్లోనే. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే చెరువులో ముంచిన సెన్సర్ చెబుతుంది. ఆ కబురు ఒక బిట్‌మ్యాప్ డేటాబేస్‌లోకి చేరుతుంది. ప్రాణవాయువు తగ్గిందా లాంటి ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరుస, ఆ వరుసలో ఒక్కో చెరువుకు ఒక్కో గడి. అవునంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ డేటాబేస్ ఓపెన్‌సోర్స్. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాశారు, నేనూ ఓ చెయ్యి వేశాను. నా కోడ్‌లో కామా తప్పినా వాళ్ళు పట్టుకుంటారు. అన్నం తిన్నావా అని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం వాళ్ళకేమిటని సర్దిచెప్పుకుంటాను గానీ, ఉక్రోషం వస్తూనే ఉంటుంది.

ఒక మబ్బు పట్టిన ఆదివారం కొల్లేటికోట దగ్గరి చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. నా తెరమీద మాత్రం ఆ చెరువు గడిలో సున్నా ఉంది. ప్రమాదమేమీ లేదనుకుని నేను నింపాదిగా టీ తాగుతున్నాను. కాపలా ఉండే పెద్దాయన చర్చి నుంచి వచ్చి చూసి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు వేసి, ఎలాగో వాటిని దక్కించుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఫోన్ చేసి, సెన్సర్ ఏమైందని నిలదీశాను.

"దాన్ని తీసి, శుభ్రంగా కడిగి, ఇంట్లో పెట్టి చర్చికెళ్ళానండీ. వారమంతా నీళ్ళలో నానుతుంది కదండీ, దానికి మాత్రం ఆదివారం వద్దా అండీ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పు సగం నాది కూడా. ప్రమాదం లేకపోయినా సున్నాయే, అసలు కబురే రాకపోయినా సున్నాయే. అందుకని ఇంకో వరుస చేర్చాను: ఈ చెరువు పలికిందా, లేదా? అప్పటినుంచి ఆయన సెన్సర్ తీసిన ప్రతి ఆదివారం నాకు తెలిసిపోయేది, వెంటనే ఫోన్ చేసేదాన్ని.

"గట్టుమీద మనిషిని పెట్టే వచ్చానండీ" అనేవాడు.

ఎంత చెప్పినా ఆ అలవాటు మానలేదు. నిజం చెప్పొద్దూ, గట్టిగా చెప్పడం నేనే మానేశాను. వారం మొత్తంలో నేను నోరు తెరిచి మాట్లాడే నాలుగు మాటలూ అవే.

ఈమధ్య జ్వరం వచ్చి మంచానపడ్డాను. కంప్యూటర్ తెరవలేదు. శనివారం గడిచింది, ఆదివారమూ గడిచింది, ఎవరూ తలుపు తట్టలేదు. చెరువు పలకకపోతే తెలిసేలా చేశాను గానీ, నేను పలకడం లేదని ఎవరికీ తెలిసే దారి లేదు. నిజంగా భయమేసింది. సోమవారం పొద్దున్న ఫోన్ మోగింది.

"మేడమ్ గారండీ, నిన్న మీరు ఫోన్ చెయ్యలేదండీ. ఒంట్లో బాగానే ఉందా అండీ?"

"కొంచెం జ్వరమండీ."

"దగ్గర ఎవరున్నారండీ?"



"కాసేపు ఫోన్ పెట్టెయ్యకండీ" అన్నాను.