బావగారు తెచ్చిన రూటరు

మొన్న ఆదివారం మా ఏలూరు అపార్ట్‌మెంటు మీటింగులో, బిల్డింగంతటికీ రెండు ఫైబర్ కనెక్షన్లు తీసుకున్నాం కదా, రెండిటినీ కలిపి నడిపే రూటరు ఏది కొనాలి అన్న మాట వచ్చేసరికి, కార్యదర్శిగారు నా వంక తిరిగి, మీరు ఒకప్పుడు నెట్ సెంటరు నడిపారు కదండీ, మీరే చెప్పండి అన్నారు. అంతమందీ నన్నే చూస్తుంటే నా తల వాలిపోయింది. వాళ్ళు వినయం అనుకున్నారు. వినయమా నా మొహమా, సిగ్గండీ.

ఇంజనీరింగు కౌన్సెలింగు కొత్తగా కంప్యూటరు మీదకి వచ్చిన రోజులు మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో నాకు తాడేపల్లిగూడెంలో స్టేషను దగ్గర చిన్న ఇంటర్నెట్ సెంటరు ఉండేది. కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు తండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. నాలుగు చినుకులు పడితే చాలు, లైను పోయేది. అందుకని ఫోను లైనుకి తోడు కేబులు వాళ్ళ లైను కూడా తీసుకుని, ఒకటి పడిపోతే రెండోది దానంతటదే అందుకునే రూటరు విజయవాడలో చూసి, అదే కొనాలని తీర్మానించుకుని వచ్చాను.

ఈలోగా మా అక్క నోటివెంట సంగతి విని బావగారు ఏలూరు నుంచి దిగారు. ఆయనకి అక్కడ కంప్యూటర్ల షాపు. మా నాన్నగారు పోయాక మమ్మల్ని గట్టెక్కించిన మనిషి, మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. మేం ఉండగా బయట కొంటావా అంటూ సంచిలోంచి ఒక రూటరు తీసి బల్ల మీద పెట్టారు. వెనకాల ఐదు బెజ్జాలు. బయటి లైను పెట్టుకునేది వాటిలో ఒక్కటే, మిగతావన్నీ కంప్యూటర్లకేనని నాకు చూడగానే తెలిసింది. ఆయన మాత్రం, రెండేం ఖర్మ, నాలుగు లైన్లు పెట్టుకో అన్నారు. మా ఇళ్ళల్లో కొత్త సామాను ఏదొచ్చినా ప్రార్థన చేశాకే కదా వాడకం, నేను నోరు తెరిచేలోపే పాస్టరుగారు రావడం, దాని మీద చెయ్యి ఉంచి, తెచ్చిన చేతుల్ని దీవించమని ప్రార్థించడం అయిపోయాయి. నేనూ ఆమెన్ అన్నాను. ఆమెన్ అన్న నోటితో ఇది పనికిరాదని ఎలా అంటామండీ? మొహమాటానికి పోతే ఏదో అయిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

తరవాత ఒక లైను పోయినప్పుడల్లా నేనే బల్ల కిందకి దూరి, ఆ వైరు పీకి రెండోది గుచ్చేవాణ్ణి. బావగారికి మాత్రం తెలియనివ్వలేదు.

కాలేజీలు పెట్టుకునే ఆఖరి సాయంత్రం, గణపవరం అవతల చేపల చెరువు మీద కాపలా ఉండే ఒకాయన కూతుర్ని తీసుకొచ్చారు. ఏలూరు కాలేజీ అయితే బస్సులో వెళ్ళి రావచ్చు, హాస్టలంటే పంపలేనండీ, అది పైన పడేలా చూడండి అన్నారు. ఆ పిల్ల సగం పెట్టిందో లేదో లైను పోయింది. ఖర్మకాలి బావగారు ఆ పూట గుమ్మం పక్క కుర్చీలోనే ఉన్నారు. గాభరాపడకండి, రెండో లైను అందుకుంటుంది, నేను తెచ్చిన రూటరండీ అని అందరికీ వినపడేలా చెప్పారు. అందరూ తెరల వంక చూస్తూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, అదీ నా నిర్వాకం. టీ తాగొద్దాం రండి బావగారూ అని లేవదీయబోతే, ఇది వచ్చాక తాగుదాంలే అన్నారు. గడువు దగ్గరపడుతోంది. ఆ తండ్రి పొడిగా ఉన్న చేతుల్నే తువ్వాలుతో తుడుచుకుంటున్నారు.

ఇక ఉండలేక బల్ల కిందకి దూరి వైరు మార్చేశాను. నెట్ వచ్చింది. రెండో లైను అందుకోవడమంటే మీరు చేత్తో అందించడమా అండీ అని ఎవరో అనేసరికి సెంటరంతా నవ్వు. బావగారూ నవ్వారు. నవ్వుతూనే వంగి రూటరు వెనక్కి చూసి, ఎన్నాళ్ళ నుంచి ఇలా అని నన్ను మెల్లగా అడిగారు. మోకాళ్ళ మీద ఉన్నవాణ్ణి, పీకిన వైరుని చుట్ట చుట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్లకి తరవాత ఏలూరులోనే సీటొచ్చింది. బావగారు ఆ పూట మా ఇంట అన్నానికి ఆగలేదు.

వారం తిరక్కుండా, నేను విజయవాడలో చూసిన రూటరే ఆయన బస్సులో పార్సిలు వేయించారు. ఆ తరవాత ఎప్పటిలాగే వచ్చేవారు, మాట్లాడేవారు. కానీ చర్చిలోనో చుట్టాల్లోనో ఎవరైనా కంప్యూటరు సంగతి అడిగితే, షాపు నడిపే మనిషి, అవి మా బావమరిదికి తెలుసండీ, వాణ్ణి అడగండి అనేవారు. అందులో కోపం లేదు, వెటకారమూ లేదు. ఉన్నా బాగుండేది. వైరు మార్చినందుకు కాదండీ నా బాధ, ఆ పిల్ల కోసం మళ్ళీ అయినా మారుస్తాను. ప్రార్థనైన రోజే పక్కకి పిలిచి చెవిలో చెప్పి ఉంటే పోయేది. పరువు కాపాడుతున్నాననుకుంటూ, ఆయన్ని అన్నాళ్ళూ వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టాను.

ఇప్పుడు రూటరు కొరియరులో వస్తుంది, నచ్చకపోతే తిప్పి పంపేస్తాం, ఎవరి మొహమూ చిన్నబోదు. లైన్లు పోవడం తగ్గింది. నెట్ సెంటర్లే పోయాయి, కిందటేడు బావగారూ పోయారు. మొన్న మీటింగులో చివరికి తల ఎత్తి, ఇలాంటివి నాకంటే మా బావగారికి బాగా తెలుసండీ అన్నాను. అలాగైతే ఆయన్నే అడుగుదాం, ఎక్కడుంటారండీ అన్నారు కార్యదర్శిగారు.