చల్లపల్లి రసం కాయలు, ఓట్స్ బిళ్లలు, మా అత్తయ్య

మా చిన్నతనంలో వేసవి సెలవులిస్తే బిస్కెట్లు కొనేవాళ్లం కాదు... చేయించుకునేవాళ్లం. మైదా, పంచదార, డాల్డా ఇంటి నుంచే పట్టుకుని విజయవాడలో మా పటమటలోనే ఉన్న మస్తాన్ గారి బేకరీకి వెళితే, ఆయన పిండి కలిపి, రేకుల మీద పరిచి, బట్టీలో కాల్చి ఇచ్చేవారు. ఇంటికొకరు అక్కడే బల్ల మీద కూర్చుని కాపలా కాయాలి. మన డాల్డా పక్కింటివాళ్ల పిండిలోకి పోకుండా చూడటం ఆ కాపలా ఉద్దేశం. మా ఇంటి తరఫున ఆ పని నాది... అప్పుడు నాకు పదేళ్లు.

ఒక ఏడాది మాత్రం మేం తీసుకెళ్లింది బిస్కెట్ల పిండి కాదు. దానికి కారణం మా అత్తయ్య.

అత్తయ్య నాన్నకి అక్క. చల్లపల్లిలో ఉండేది. ఆవిడ పెరట్లో ఒకే ఒక్క చిన్న రసం మామిడి చెట్టు. ఏటా మే నెలలో బస్సులో తెలిసినవాళ్లతో ఒక గంప కాయలు పంపేది. వారం తర్వాత తనే వచ్చి, చెప్పులు విడిచేలోపే అడిగేది... "నా కాయలేం చేశావు శారదా?"

శారద అంటే మా అమ్మ. పెళ్లయిన పన్నెండేళ్లలో అమ్మ చేసిన ఏ వంటనీ అత్తయ్య బాగుందని అనలేదు. గోంగూర పచ్చడి తిని "గోంగూరలాగే ఉంది" అంది. పులిహోర తిని "పులుపు తెలుస్తోంది" అంది. ఒకసారి బొబ్బట్టు తిని "తినొచ్చు" అంది... అప్పటికి అదే రికార్డు. అమ్మకి కావలసింది ఒక్క మాట. జీవితంలో ఒక్కసారి ఆవిడ నోట "బాగుంది" అనిపించుకోవాలి.

ఆ వేసవిలో మా ఇంట్లో ఒక ఓట్స్ డబ్బా ఉంది. డాక్టరు చెప్పారని నాన్న కొన్నారు. రెండు రోజులు జావ తాగి, మూడో రోజు నుంచి ఆ అలమర వైపు చూడటమే మానేశారు. సరిగ్గా అప్పుడే ఒక వారపత్రికలో ఓట్స్, పళ్లముక్కలు, బెల్లం కలిపి పల్లీ అచ్చుల్లా బిళ్లలు కాల్చే వంట వచ్చింది. అందులో ఆపిల్ అని ఉంది. అమ్మ ఆపిల్ తీసేసి మామిడి పెట్టింది.

మామిడి సరే... ఏ మామిడి అన్నదే చిక్కు. బంగినపల్లి అయితే ముక్కలు కోయొచ్చు. రసం కాయని పిసికి జుర్రుకోవాలే గానీ, కత్తి పెడితే ముక్క రాదు. కానీ అత్తయ్య కాయలు గంపలో ఉండగా బజారు కాయ కొంటే ఇంకేమైనా ఉందా... పదిహేను కాయలు పిండి, ఆ గుజ్జులో ఓట్స్, బెల్లం, నెయ్యి కలిపి గిన్నెతో బేకరీకి తీసుకెళ్లాం.

మస్తాన్ గారు మూత తీసి చూశారు.

"ఏంటమ్మా ఇది, అటుకుల పాయసమా?"

"ఓట్స్ అండీ. బిళ్లలుగా కాల్చాలి."

"జొరమొచ్చినోళ్లు తాగేది కదండీ, దీన్ని కాల్చటమేంటి. పైగా రసం కాయేశారు. బంగినపల్లి వేసుకోకపోయారా?"

"మా వదిన పంపిన కాయలండీ," అంది అమ్మ.

ఆయన వెంటనే రేకు అందుకున్నారు. ఆయనకీ అక్కలున్నారు.

బిస్కెట్ల రేకుకి అంచు గోరంత కూడా ఉండదు. పావుగంటలో మా రసం కారి, కింది అరలో ఉన్న రేకు మీద పడింది. ఆ రేకు మా వెనక వరసలో నిలబడ్డావిడది.

"మా బిస్కెట్లకి మామిడిపండు వాసనొస్తంది మస్తాన్ గారూ."

"రావాలిగా అమ్మా, ఎండాకాలం," అన్నారాయన.

తర్వాత మా సరుకుని అంచున్న బన్ను రేకులోకి మార్చి, అందరి బిస్కెట్లూ అయిపోయాక చల్లారుతున్న బట్టీలో వదిలేశారు. సాయంత్రానికి బయటికి తీస్తే అంచులు తాండ్రలా, మధ్యలో హల్వాలా ఉంది. రొట్టె కత్తితో కోస్తే ముప్ఫై రెండు బిళ్లలు వచ్చాయి... నేనే లెక్కపెట్టాను.

ఆదివారం అత్తయ్య వచ్చింది. అడగాల్సింది అడిగింది. అమ్మ స్టీలు పళ్లెంలో రెండు బిళ్లలు పెట్టి ఇచ్చి, తలుపు పక్కన నిలబడింది.

అత్తయ్య కొరికింది. నమిలింది... నములుతూనే ఉంది. చివరికి గాజుకున్న పిన్నీసు తీసి, పళ్ల సందులోంచి ఒక పీచు లాగింది. వేలెడు పొడవుంది. దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"నిండా పీచేనే శారదా."

"మీ చెట్టు కాయలే వదినా."

నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. బాగోలేదంటే చెట్టుకి మాటొస్తుంది. బాగుందంటే ఆ మాట అమ్మకి పోతుంది... అత్తయ్య రెండో బిళ్ల కూడా తిని, మంచినీళ్లు తాగి, అప్పుడు అంది.

"కాయ మంచిదే."

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనూ వెనకే వెళ్లాను. "బాగుందన్నట్టేగా అమ్మా?" అన్నాను.

"అనలేదుగా," అంది అమ్మ.

తిరిగి వెళ్లేటప్పుడు అత్తయ్య సంచిలో ఇరవై బిళ్లలున్నాయి. ఇంట్లో పిల్లలకి చూపిద్దామని తీసుకెళుతున్నానంది. ఆ ఇంట్లో అందరికంటే చిన్నది అత్తయ్యే... ఆవిడకి అప్పటికి యాభై.

మరుసటి మే నెలలో మామూలుగానే గంప వచ్చింది. కాయలన్నీ తీశాక అడుగున గడ్డిలో రెండు ఓట్స్ డబ్బాలు. అప్పట్లో అవి చల్లపల్లిలో దొరికేవి కావు. విజయవాడ నుంచి తెప్పించుకుని, మళ్లీ విజయవాడకే పంపింది. అమ్మ గంప బోర్లించి, గడ్డి దులిపి మరీ వెతికింది... చీటీ ఏమైనా పెట్టిందేమోనని. లేదు. ఆ డబ్బాలు వారం రోజులు ముందుగదిలో టీవీ పక్కనే ఉన్నాయి. వచ్చినవాళ్లందరికీ "మా వదిన పంపింది" అని చెప్పింది అమ్మ.

ఇప్పుడు మా వంటింట్లో చిన్న ఓవెన్ ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఏ షాపులో అడిగినా ఓట్స్ ఇస్తారు. బంగినపల్లి ముక్కలు వేసి నలభై నిమిషాల్లో బిళ్లలు దించేస్తాను. ఫొటో పెడితే చాలు, రెండు నిమిషాల్లో అందరూ "సూపర్" అంటారు... తినకుండానే. అత్తయ్య పోయాక నా వంట బాగోలేదన్నవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే అది నిజంగా బాగుందో లేదో నాకు ఇంతవరకూ తెలియదు...

మీ ఇళ్లల్లోనూ అంత తేలిగ్గా మెచ్చుకోని మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్లు చివరికి ఒప్పుకున్నారా... నోటితో కాకపోయినా సరే, ఎలా ఒప్పుకున్నారో చెప్పండి.