గతౌరా గోదాము తలుపు

మా అమ్మాయికి సినిమాలో వేషం దొరికిందన్న కబురు ముందుగా తెచ్చింది మా ఆడపడుచు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి అందుకుంది.

"వదినా, కతంతా ఒకే గదిలోనట. దొంగలు నీ కూతుర్ని ఎత్తుకుపోయి కట్టేస్తారట. దీని నోటికి దడిసి రెండో దినానికే ఒగ్గేస్తార్లే."

నవ్వాను గానీ లోపల బెంగ పట్టుకుంది. అమ్మాయికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఆ గదేమో మేముండే ఈ హిందీ ఊరి పక్కన, గతౌరా అనే పల్లెలో పాత ధాన్యం గోదాము. కిటికీ కూడా లేదు.

షూటింగుకి తోడు వెళ్ళాను. డైరెక్టరు అమ్మాయి చేతులు కుర్చీకి కట్టించి, తాను చెప్పేదాకా ఎవరూ తలుపు తియ్యకూడదని హిందీలో హెచ్చరించి, కెమెరా మనిషితో లోపలే ఉండిపోయాడు. ఇన్హేలరు నా సంచిలో ఉంది. బయట బల్ల మీద కూర్చుని రామనామం మొదలుపెట్టాను.

లోపల అమ్మాయి హిందీలో ఏడుస్తోంది, బతిమాలుతోంది. అవన్నీ రాసిచ్చిన మాటలే, ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను. అంతలో గొంతు మారింది.

"అమ్మా, ఊపిరాడ్డం లేదే."

మా పిల్లలు ఇంట్లోనూ హిందీయే మాట్లాడతారు. తెలుగు నోట వచ్చేది జ్వరంలోనో, భయంలోనో. నాకు వెంటనే తెలిసిపోయింది. అయినా లేవలేదు. ఇంతమంది కష్టం నా వల్ల పాడవుతుందేమోనని జంకి, జపం ఇంకా వేగంగా చేశాను. పిరికితనానికి దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నాను.

పక్కన టీ కాస్తున్న ఆవిడ నా మొహం చూసింది. సర్కండా పేట నుంచి వచ్చానని పొద్దున చెప్పింది, తెలుగు రాదు. హిందీలో అడిగింది.

"ఏమంటోంది దీదీ?"

"ఊపిరాడ్డం లేదంటోంది."

"సినిమా మాటేనా?"

"కాదు."

టీ గిన్నె దించకుండానే వెళ్ళి తలుపు భుజంతో తోసేసింది. నేను సంచితో వెనకే పరుగెత్తాను. అమ్మాయి పెదవులు నీలంగా ఉన్నాయి. కట్లు విప్పేదాకా ఆగకుండా మందు పట్టాను. కాసేపటికి, రాముడి దయ, ఊపిరి అందింది.

"ఇంటి భాష కలిపి బాగా చేస్తోందనుకున్నాం ఆంటీ," అన్నాడు డైరెక్టరు. పాపం, చేతిలో కాగితాలతో తనే అమ్మాయికి విసరసాగాడు.

మర్నాడు తలుపు తెరిచే ఉంచి సీను పూర్తి చేశారు. టీకి వేరే మనిషి వచ్చింది. ముందురోజు కంగారులో నేను ఆవిడ పేరైనా అడగలేదు. తర్వాత ఎంత వాకబు చేసినా జాడ తెలియలేదు.

నా పూజలో రోజూ ఆవిడకి ఒక నమస్కారం ఉంటుంది. ఇది చదివిన మీరు కూడా, సర్కండాలో టీ కాసుకునే ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.