అరువు తెచ్చుకున్న దయ్యం

మా నాయనమ్మకు దయ్యాలంటే భయం లేదు, విరబోసుకున్న జుట్టంటేనే భయం. మోతె దగ్గరి పల్లెలో గొర్రెల మంద నడుమ పుట్టి పెరిగిన మనిషి. సూర్యాపేటలో మా ఇంటికి వచ్చాక కాయడానికి గొర్రెలు లేవు, నేనొక్కదాన్నే మిగిలాను. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ వాకిట్లోకి వస్తే చాలు, ఇంట్లో శవం లేచిందా అని మొదలుపెట్టేది. తడి జుట్టు ముడేస్తే తలనొప్పి వస్తుందని నేను, ముడేయకపోతే ఇంటికి కీడని ఆమె. ఆ పోట్లాటలో నేను ఒక్కసారి కూడా గెలవలేదు.

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఆమె నుంచి వచ్చిందే. ఆ కోపమే నన్ను మిర్యాలగూడలో ఇరికించింది.

రెండువేల ఐదు, ఆరు నాటి మాట. మిర్యాలగూడలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికా వాళ్ళు తీసిన దయ్యం సినిమా ఒకటి తెలుగు మాటలతో ఊళ్ళో థియేటర్‌కు వచ్చింది. కిరాయి ఇంట్లో దిగిన కుటుంబం, అంతకు ముందు అదే ఇంట్లో చచ్చిపోయిన ఆడమనిషి. ముఖమంతా జుట్టు కప్పుకుని, వట్టి కాళ్ళతో మెట్లెక్కి వస్తుంది. వేములపల్లి నుంచి సైకిళ్ళ మీద వచ్చే అబ్బాయిలు కూడా రెండోసారి చూసి, మాకు భయం కాలేదని మూడోసారి చెప్పుకున్నారు.

నాకు మాత్రం సినిమా సగంలోనే తెలిసిపోయింది. ఈ కథ నేను చూసిందే. అంతకు ముందు ఎండాకాలం కోదాడలో మా మేనత్త ఇంటికి పోయినప్పుడు, బస్టాండు పక్క సీడీల షాపులో కిరాయికి తెచ్చుకుని చూశాను. అది జపాన్ సినిమా. వాళ్ళ మాట ఒక్కటి అర్థం కాలేదు, కింద అక్షరాలు కూడా లేవు. అయినా కథంతా అర్థమైంది. నాలుగు రోజులు మేనత్తకూ గోడకూ మధ్య పడుకున్నాను.

అప్పుడే మా కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ సినిమాల మీద ఒక సభ పెట్టారు. ఐదుగురు విద్యార్థులు మాట్లాడాలి, అందులో అమ్మాయిని నేనొక్కదాన్నే. ఆసియా దయ్యాల సినిమాలను అమెరికా వాళ్ళు మళ్ళీ ఎలా తీశారన్నది నా విషయం. కాగితం చదివి ఆయన క్లాసులో అందరి ముందూ నవ్వారు.

"ఉల్టా రాసినవ్ అమ్మా. అసలు అమెరికా వాళ్ళది, కాపీ వీళ్ళది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు."

ఆయన్ను తప్పు పట్టలేను. మన సినిమా బాగుందంటే అది ఏ ఇంగ్లీషు సినిమాలోంచి ఎత్తిందని అడిగే మనుషులం మనం. అమ్మానాన్నలు, ఆటోవాళ్ళు, లెక్చరర్లు, అందరిదీ అదే లెక్క. ఒకే కథ రెండు చోట్ల కనిపిస్తే ఇంగ్లీషుదే తల్లి, ఇక అడిగే పనే లేదు. నేనే ఆ జపాన్ సినిమా చూడకపోతే ఆయనతో కలిసి నవ్వేదాన్ని.

నెట్ సెంటర్‌కు పోయి అసలు ఎవరిదో రాసి ఉన్న కాగితం తీయించి ఇచ్చాను. నెట్‌లో ఎవరైనా ఏమైనా రాస్తారని ఆయన తిరిగి ఇచ్చేశారు. డిస్కు మీద సంవత్సరం ఉంటుందేమోనని కోదాడ పోయాను. షాపాయన రెండు సినిమాలకూ ఒకే బొమ్మ ప్రింటు వేసి పెట్టాడు. "ఇంగ్లీషుదే ఒరిజినల్ అండీ, ఇది చైనావాళ్ళు తీసుకున్నారు" అని నాకే నచ్చజెప్పాడు. జపాన్‌ను చైనా చేసిన మనిషితో వాదించి లాభం లేదని రెండు డిస్కులూ తీసుకుని సూర్యాపేట బస్సెక్కాను.

లెక్చరర్ అంతకు ముందే తేల్చి చెప్పేశారు. సినిమాలోంచే రుజువు చూపిస్తే మాట్లాడనిస్తారు, లేకపోతే సోమవారం నా పేరు కొట్టేసి వేరే అబ్బాయి పేరు రాస్తారు. పేరు పోయినా ఫరవాలేదు. అబద్ధాలకోరన్న ముద్రతో ఇంకో ఏడాది ఆ క్లాసులో ఎట్లా కూర్చోవాలన్నదే నా ఏడుపు.

ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతున్నాను. ఒకదానికి తెలుగు మాటలు, ఇంకోదానికి జపాన్ మాటలు. మాటల మాయలో పడకూడదని రెండింటికీ సౌండ్ తీసేశాను. నాయనమ్మ పక్కనే చాట ముందు పెట్టుకుని చింతపండు గింజ తీస్తోంది. చూస్తుందని కూడా నేననుకోలేదు. మెట్లెక్కే దయ్యాన్ని అటు ఒకసారి, ఇటు ఒకసారి నాలుగైదుసార్లు తిప్పాక, అదేంది, చూసిందే చూస్తున్నవని అడిగింది. ఒకరి దగ్గర ఇంకొకరు కథ తీసుకున్నారు, ఎవరిది అసలుదో తెలియాలి అన్నాను.

ఆమె గింజ తీయడం ఆపలేదు. గొర్రెలున్నప్పుడు పొద్దుగూకే వేళ పిల్లలను ఒక్కసారిగా తల్లుల మీదికి వదిలేవాళ్ళట. ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పడం ఆమె పని. తప్పు తల్లి దగ్గరికి పోయిన పిల్లకు పాలు దొరకవు, కుమ్ములు దొరుకుతాయి. ఆ కళ్ళతోనే టీవీ వైపు చూసింది.

"గా తెల్లోళ్ళింట్ల ఆడోళ్ళందరు ఇరబోసుకునే తిరుగుతుండ్రు గదా. తల్లి ఇరబోసుకుంది, బిడ్డ ఇరబోసుకుంది, పక్కింటామె ఇరబోసుకుంది. ఇగ దయ్యం ఇరబోసుకుంటే భయమెందుకైతది? గాళ్ళింట్ల ఒక్కతన్నా ముడేసుకోలే. చిన్నకండ్లోళ్ళింట్ల సూడు, అందరు ముడేసుకున్నరు, సచ్చినామె ఒక్కతే ఇడిసింది. దయ్యం గీళ్ళదే. గాళ్ళు అరువు తెచ్చుకున్నరు."

సినిమా మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. నిజమే. జపాన్ ఇంట్లో ప్రతి ఆడమనిషి జుట్టూ వెనక్కి కట్టి ఉంది. ఒకసారి కన్ను తెరుచుకున్నాక ఇంకోటి నాకే దొరికింది. జపాన్ వాళ్ళు ఇంట్లోకి వచ్చేటప్పుడు గడప దగ్గర చెప్పులు విడుస్తారు. అందుకే విడిచిన చెప్పులు లేకుండా మెట్ల మీద వట్టి పాదాలు కనిపిస్తే గుండె జారుతుంది. వచ్చిన మనిషి బయటి నుంచి రాలేదని అర్థం. తెల్లవాళ్ళు బూట్లతోనే మంచమెక్కి పడుకున్నారు. ఆ ఇంట్లో వట్టి పాదాలకు ఏ అర్థమూ లేదు. సంతోషం పట్టలేక నాయనమ్మను వాటేసుకుంటే, చింతపండు చేతులు, దూరం జరుగు అంది.

సోమవారం లెక్చరర్‌కు చెబితే తల అడ్డంగా ఊపారు గానీ, సరే, సభలోనే చూపించు, తేలకపోతే నీదే పూచీ అన్నారు.

సభ రోజు హాలు నిండింది. టీవీ, ప్లేయర్ బల్ల మీద ఉన్నాయి. నా వంతు వచ్చింది. మాటలు మొదలుపెట్టకుండా జడకున్న రబ్బరు లాగేశాను. వేళ్ళతో పాయలు విప్పి, తల వంచి, జుట్టంతా ముఖం మీదికి వదిలి ఊరికే నిలబడ్డాను. గదులు ఊడ్చే ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతమంది పెద్దవాళ్ళున్నారని కూడా చూడకుండా అక్కడి నుంచే పలికింది.

"ముడేసుకో బిడ్డా. మంచిది కాదు."

అమ్మాయిల వరుసలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. అందులో ప్రతి ఒక్కతీ ఆ మాట ఇంట్లో తిన్నదే. నేను ముఖం మీది జుట్టు తోసుకుని, సౌండ్ లేకుండా రెండు సినిమాలూ వేశాను. ఈ ఇంట్లో దయ్యం కాక ఇంకెవరు విరబోసుకున్నారని అడిగాను. అమెరికా ఇంటికి, అందరూ అన్నారు. జపాన్ ఇంటికి, ఎవరూ లేరన్నారు. చెప్పుల సంగతి నేను చెప్పక ముందే వెనక నుంచి ఒక అమ్మాయి లేచి చెప్పేసింది. అబ్బాయిలు, రెండుసార్లు చూసిన వీరులు కూడా, మెడలు చాచి టీవీలో పాదాలు వెతికారు. విరబోసుకున్న జుట్టు ఏ ఇంట్లో తప్పో ఆ ఇంట్లోనే ఈ దయ్యం పుట్టిందని చెప్పి కూర్చున్నాను.

లెక్చరర్ లేచి మైకు దగ్గరికి వచ్చారు. ఆయన మంచి మనిషని నాకు ఆ రోజే తెలిసింది.

"ఉల్టా రాసింది ఈ అమ్మాయి కాదు, ఉల్టా చెప్పింది నేను. పులి ఎవరో నక్క ఎవరో ఇప్పుడు తెలిసింది."

చప్పట్లు ఎంతసేపు కొట్టారో తెలియదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నెట్ సెంటర్ కాగితం ఆయనే మళ్ళీ అడిగి తీసుకుని నోటీసు బోర్డుకు అంటించారు. తర్వాత ఉద్యోగం వచ్చింది, ఇంకా చాలా వచ్చాయి గానీ, అంత నిండుగా గెలిచిన రోజు నాకు ఇంకోటి లేదు.

శనివారం సూర్యాపేటలో బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె మాటతోనే గెలిచానని, లెక్చరరే ఒప్పుకున్నారని, ఆయమ్మ ఏమన్నదో కూడా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. తల్లి గొర్రెకు పిల్లను సరిగ్గా కలిపినప్పుడు ఎట్లా ఉండేదో అట్లాగే ఉండి ఉంటుంది. అంతలో ఏదో గుర్తొచ్చి నా వైపు అనుమానంగా చూసింది.

"గంతమంది ముంగట ఇరబోసుకున్నవా?"

అవునన్నాను. లోపలికి పోయి నూనె సీసా, దువ్వెన తెచ్చింది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, తల అదిరిపోయేటట్టు దువ్వి, కళ్ళు సాగేటట్టు బిగించి జడ వేసింది. ఆ ఒక్కసారి నేను ఎదురు చెప్పలేదు.